జమ్మికాయ కూర

భవర్‌లాల్ మొదట నా మెస్సులో అడుగుపెట్టింది
ఆకలితో కాదు, అలకతో.
పాలిష్ మిల్లు రాతిబురద
మోచేతుల మీద తెల్లగా ఎండి పెట్లతా ఉంటే
బల్ల మీద గిన్నె ముందుకి తోసి
"రోటీ" అన్నాడు.
"అన్నం" అన్నా.
"రోటీ."
"అన్నం."
మా పరిచయం అంతే.

చీమకుర్తి గురించి మీకు చెప్పేదేముంది,
కొండ ఉన్నచోట ఇప్పుడు పచ్చటి నీళ్ళ గుంట.
కొండేమో లారీలెక్కి పోయి
ఎవరి వంటింట్లోనో గట్టయి కూచుంటది.
దాని మీద వాళ్ళేం తరుక్కుంటారో
తిరిగొచ్చి చెప్పిన రాయి లేదు.
అందుకే కాబోలు నాకీ అడిగే జబ్బు.
ఎవరొచ్చినా, మీ ఇంట్లో పొద్దున్నే ఏం తింటారయ్యా అంటా.

నాలుగోనాడు అతని మొహం చూళ్ళేక
పామూరు నుంచి మా వదిన పంపిన సజ్జపిండి
వేణ్ణీళ్ళతో పిసికి, తడిగుడ్డ మీద తట్టి, పెనాన వేశా.
వాసనకే లేచి నిలబడ్డాడు.
"బాజ్రా!"
"సజ్జ."
"బాజ్రా!"
సరేలే, చల్లారిపోద్ది, తినమన్నా.

ఉదయనాథ్ సంగతి వేరు.
గంజాం నుంచి వచ్చాడు, క్రేన్ నడుపుతాడు, మాట తక్కువ.
వేడన్నం పెడితే వద్దని
పొయ్యి వెనక నేను సిగ్గుతో దాచిన
చద్దికుండ వైపు వేలు చూపించాడు.
నలుగురికి వండి పెట్టేదాన్ని, నిన్నటన్నం ఎట్టా వడ్డిస్తా?
అతనే లేచి, మూకుడు తీసి,
కన్నతల్లిని పిలిచినంత మెల్లగా
"పొఖాళొ" అన్నాడు.
ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ,
కొత్తపట్నం పోలమ్మ దగ్గర కొన్న ఎండు నెత్తళ్ళు వేపి పెట్టా.
గిన్నె ఖాళీ చేసి తలెత్తి
"ఆవు" అన్నాడు.
ఆవేందయ్యా?
"ఆవు టికే."
ఒంగోలు గిత్తల్ని చూసి ఇతనికేమన్నా అయిందా అనుకున్నా.
ఇంకొంచెం అని దానర్థమంట.
వారం తిరక్కముందే బల్లలన్నీ అందుకున్నాయి,
పప్పుకి ఆవు, చారుకి ఆవు.
కొత్తగా వచ్చిన కాటా గుమాస్తా
పెరట్లోకి తొంగిచూశాడు, కట్టేసిన గొడ్డు కోసం.

దసరానాడు మిల్లు వెనక జమ్మిచెట్టు దగ్గరికి
వీళ్ళిద్దర్నీ కూడా రమ్మన్నా.
మేం చీటీలు రాసి కొమ్మలకి కడతంటే
భవర్‌లాల్ ఆకు తుంచి, నలిపి, వాసన చూసి
అట్టానే నిలబడ్డాడు.
"ఖేజ్‌డీ" అన్నాడు.
దీని కాయలు ఎండబెట్టి కూరొండుతారంట,
వానల్లేని ఏడు అదే వాళ్ళకి సగం తిండంట.
నా గుండె జల్లుమంది.
"మొక్కే చెట్టుని తింటారా?"
అతను నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు.
"తిననే తినకుండా ఎందుకు మొక్కుతారు మీరు?"
జవాబు కోసం ఇప్పటికీ వెతుకుతున్నా,
అంట్లు తోమేటప్పుడు.

వేసవిలో ఊరెళ్ళి, పాత చొక్కాగుడ్డలో
కట్టి తెచ్చాడు, పుల్లల్లాంటి నల్లటి కాయలు.
ఎట్టా వండాలో ఫోన్లో వాళ్ళావిడ ధాపూ చెప్పింది.
నాకు ఆమె మాట రాదు, ఆమెకు నాది రాదు.
చెంప కింద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసింది:
రాత్రంతా నానాలి.
రెండు వేళ్ళు కలిపి చిటికెడు చూపి, ముక్కు ఎగబీల్చింది:
ఇంగువ.
తర్వాత ఏదో అని పకపకా నవ్వింది,
అది మొగుడి గురించని వెంటనే అర్థమైంది నాకు.

అంతా ఆమె చెప్పినట్టే చేశా.
చివర్లో చెయ్యి ఊరుకోలేదు.
నిమ్మకాయంత చింతపండు పిసికి పోశా,
కారం ఎంత వేశానో అడగొద్దు.
భవర్‌లాల్ ఒక ముద్ద తిన్నాడు. ముక్కు కారింది.
"ఇది మా సాంగ్రీ కాదు" అన్నాడు.
మాది మాత్రం ఎట్టా అయిద్ది, చెట్టు మీద తప్ప
పళ్ళెంలో దాన్ని నేనెప్పుడన్నా చూశానా?

కాసేపు ఎవరం మాట్లాడలా.
దూరంగా క్రషర్ మోత. నెత్తిన ఫ్యాను.
అప్పుడు గిన్నె ముందుకి తోశాడు,
మొదటిరోజు తోసినట్టే.
"ఆవు" అన్నాడు.